ఎగురుటకు ముందటి పది నిమిషములు

సైనిక్‌పురి వాసులకు శిక్షణ విమానముల ధ్వని క్రొత్త కాదు. హకీంపేట వైమానికదళ స్థావరము సమీపముననే గలదు. అందుండి బయలుదేరిన కిరణ్ విమానమొకటి 2017 సెప్టెంబరు 28వ తేదీన కీసర మండలములోని అంకిరెడ్డిపల్లి చెంత కూలెను. శిక్షణార్థి పారాచూటు సాయమున బ్రతికి బయటపడెను. అందఱికిని అట్టి భాగ్యము లభింపలేదు. 2010 మార్చి 3న బోయినపల్లిలో నౌకాదళపు విన్యాస విమానము కూలి యిరువురు వైమానికులు మరణించిరి. 2004 ఏప్రిల్ 17న బెంగుళూరు జక్కూరునుండి కరీంనగరు ఎన్నికల ప్రచారమునకు బయలుదేరిన చిన్న విమానము, లేచిన కొలది సేపటికే నేలగూలి, తెలుగువారి యభిమాన నటి సౌందర్యతో గూడ నలుగురిని బలిగొన్నది.

ఈ దుర్ఘటనల నన్నిటిని ఒక్క గాటను గట్టుట న్యాయము గాదు. మృతులపై నింద మోపుట అంతకన్న తగదు. గాలివానయు, పక్షులును మానవుని యధీనమున లేవు. కాని నేలమీద నుండగనే కనుగొనదగిన లోపముతో గాలిలోనికి లేవకుండుట మన చేతిలోని పని. మేము ముచ్చటింపదలచినది దానినిగూర్చియే.

చిన్న విమానము చుట్టును నడచి పరీక్షించుటకు పట్టునది పది పదునైదు నిమిషములు. ఇంధనపు తొట్టి యడుగునుండి కొంత గాజుగొట్టములోనికి వదలి చూడవలెను; నీరు పెట్రోలుకన్న బరువైనది గావున అడుగున చేరును. సగము నిండిన తొట్టిలో రాత్రివేళ చెమ్మ నీరగుట కలదు. ఆ నీరు యంత్రమును చేరెనా, అది నడిమింట నాగిపోవును. ఇంధనమెంత యున్నదో ముల్లును నమ్మక కంటితో జూడవలెను. వేగమును దెలుపు గొట్టముపై తొడుగు తీసితిమా? అందు పురుగులు గూడు పెట్టలేదుగదా? గాలికి ఊగకుండ తోకపలకలకు వేసిన బిగింపు తొలగించితిమా?

ఈ తుది ప్రశ్న మఱచినందులకే 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డునందు బోయింగు సంస్థవారి క్రొత్త బాంబరు లేచినంతనే కూలెను. ఆరితేరిన వైమానికు లిరువురు ప్రాణములు గోల్పోయిరి. నేర్పు చాలక గాదు, జ్ఞాపకము చాలక! ఆ పిమ్మటనే పరీక్షాంశముల పట్టిక వైమానికుల చేతికి వచ్చినది. అయినను 2014 మే 31న ఆ దేశముననే బెడ్‌ఫర్డులో అదే పొరపాటు మఱల జరిగి యేడుగురు మరణించిరి. అంతకు మున్ను 175 సారులు లేచినపుడు, పలకల కదలికను పూర్తిగా పరీక్షించినది రెండు సారులు మాత్రమేయని విచారణలో తేలినది.

పరీక్షను చంపునది అజ్ఞానము గాదు, అలవాటు. నూఱు సారులు ఏ లోపమును కనబడకుండుటచే నూటయొకటవసారి చూచుట దండుగయని తోచును. ఈ భావము శిష్యునకు గురువునుండియే యంటును. కావున గురువు తానే పట్టిక చేతబట్టి, రెక్క క్రింద వంగి చూచుట యే యుపన్యాసముకన్నను గొప్ప పాఠము. శిక్షణసంస్థలు ఈ నిమిషములను ప్రత్యేకముగ కేటాయింపవలెను. లోపము కనిపెట్టి విమానమును నిలిపిన విద్యార్థిని గద్దింపక మెచ్చుకొనవలెను. అద్దె విమానముల నెక్కు నాయకులును చోదకుని తొందరపెట్టరాదు. సభ గంటసేపు ఆలస్యమైన నేమి? జనులు వేచియుందురు. లేచిన విమానములోని లోపము వేచియుండదు.