పాత బండికి ఏ నీళ్లు?

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే, ఎండాకాలం మధ్యాహ్నం మర్రిచెట్ల నీడన బానెట్ ఎత్తి నిలబెట్టిన పాత బండి ఒకటైనా కనబడుతుంది. రేడియేటర్‌లోంచి ఆవిరి, డ్రైవరు చేతిలో నీళ్ల సీసా. కూరగాయలూ పూలూ పట్నానికి మోసే ప్రాంతం కాబట్టి పాత బండ్లకు ఇక్కడ కొదవ లేదు. ఆ సీసా నీళ్లు ఆ పూటకు ఇల్లు చేరుస్తాయి. రోజూ అవే పోస్తేనే చిక్కు.

బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా ఉప్పు పేరుకోవడం ఇంట్లో అందరూ చూసేదే. అవే కాల్షియం, మెగ్నీషియం లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ గట్టిపడతాయి. దారి ఇరుకైతే నీళ్లు తిరగవు, వేడి దిగదు. అందుకే గాఢ కూలెంట్ కొన్నవారు అందులో కలపాల్సింది డిస్టిల్డ్ వాటరే.

మంచు పడని ఊళ్లో యాంటీఫ్రీజ్ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ గడ్డకట్టడాన్నే కాదు, మరగడాన్నీ వాయిదా వేస్తుంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మామూలు ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత గట్టిగా ఉంటే ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. అలాగని నీళ్లు కలపకుండా పోయకూడదు. వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీళ్లే మేలు.

పాత బండికి అసలు కావలసింది తుప్పును ఆపే మందు. తొలినాటి అంబాసిడర్ ఇంజన్ పోత ఇనుము, రేడియేటర్ రాగి-ఇత్తడి, అతుకులు సీసం కలిసిన టంకం. అలాంటివాటికి సిలికేట్లున్న పాతరకం కూలెంట్ నప్పుతుంది. కాకపోతే రెండేళ్లకోసారి మార్చాలి. సేంద్రియ ఆమ్లాలతో చేసే కొత్తరకం ఐదేళ్ల దాకా నిలుస్తుంది, అల్యూమినియం రేడియేటర్లున్న తర్వాతి బండ్లకు అదే తగినది. పాత టంకం అతుకులకూ కొన్ని గ్యాస్కెట్లకూ మాత్రం అది సరిపడకపోవచ్చు. 1983లో వచ్చి 2014లో ఆగిన మారుతి 800 వంటి బండిలో హెడ్ అల్యూమినియం. అక్కడ కంపెనీ పుస్తకం ఏం చెబితే అదే.

రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ. పచ్చదీ ఎర్రదీ ఏ రకమో చెప్పే నియమం ఎక్కడా లేదు, రంగు కంపెనీ ఇష్టం. డబ్బా మీద ఐఎస్ 5759 వంటి ప్రమాణం ఉందా, ఏ రకమని రాశారు అన్నదే చూడాలి. రెండు రకాలు కలిస్తే మందుల బలం తగ్గుతుంది, ఒక్కోసారి జిగురుగా మారి గొట్టాలకు అడ్డం పడుతుంది. ముందు ఏది పోశారో తెలియని సెకండ్‌హ్యాండ్ బండికి పాతదంతా దింపి, మంచినీళ్లతో కడిగి, కొత్తది నింపడమే క్షేమం. అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద మూత తిప్పితే మొహం కాలుతుంది.

దింపిన కూలెంట్‌ను మోరీలో పారబోయకండి. తియ్యగా ఉండే విషమది. కుక్కలు నాకితే చస్తాయి. పైగా మొయినాబాద్ చుట్టూ పడ్డ నీళ్లు హిమాయత్‌సాగర్‌కో గండిపేటకో చేరతాయి. ఆ రెండు చెరువుల రక్షణ కోసమే 1996లో 84 గ్రామాలకు జీవో 111 తెచ్చారు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఇంజనాయిలు తీసుకునే షెడ్డులో అడిగి అప్పగించండి.