మాట వినబడాలి, ముఖం కనబడాలి
సంఘాలలో తీసే వీడియోలకు వెలుతురు, శబ్దం విషయమై కొన్ని సూచనలు

1976లో విడుదలైన 'మంథన్' చిత్రం గురించి పాడి సహకార రంగంలో తెలియనివారు అరుదు. గుజరాత్‌కు చెందిన 5 లక్షల మంది పాల ఉత్పత్తిదారులు తలా 2 రూపాయలు వేసుకొని ఆ చిత్రానికి పెట్టుబడి సమకూర్చారు. దర్శకుడు శ్యామ్ బెనగల్ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో జన్మించినవారు. ఫోటోగ్రాఫర్ అయిన తండ్రిగారి కెమెరాతో 12 ఏళ్ల వయసులోనే తొలి ప్రయత్నం చేశారు. పాలు పోసేవారి కథ తెరమీదికి రావడానికి ఆనాడు 10 లక్షల రూపాయలు కావలసివచ్చినవి. నేడు మన సంఘ కార్యదర్శి చొక్కా జేబులోనే కెమెరా ఉన్నది. కాని ఆ కెమెరాను ఎట్లా వాడవలెనో తెలియనందున మంచికి పోయి చెడు ఎదురైన సందర్భం ఒకటి మా తనిఖీలలో చూచితిమి. దానిని సభ్యుల దృష్టికి తేవడం అవసరమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఒక సంఘంలో వెన్న శాతం విషయమై సభ్యులకు అనుమానం కలిగినది. యంత్రం తక్కువ చూపుతున్నదని, టెస్టర్ తనవారికి ఎక్కువ వేస్తున్నదని మాటలు పుట్టినవి. ఆ టెస్టర్ పన్నెండేళ్లుగా పని చేస్తున్న మహిళ, పనిలో నిక్కచ్చి మనిషి. పాలను ప్లంజర్‌తో బాగా కలిపిన తరువాతనే శాంపిల్ తీయవలెనని, కలపకుండా పైపైన తీస్తే మీగడ చేరి వెన్న ఎక్కువ చూపుతుందని, అడుగున తీస్తే తక్కువ చూపుతుందని ఆమెకు బాగా తెలుసు. పరీక్ష ఎట్లా చేస్తారో ఆమె చేతనే చెప్పించి వీడియో తీసి, సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టమని మేమే సలహా ఇచ్చితిమి.

వారు తీసి పెట్టినారు. ఆమె వెనుక తలుపు బార్లా తెరచి ఉన్నది. బయటి ఎండకు తలుపు తెల్లగా మెరిసిపోగా ఆమె ముఖం, చేతులు, యంత్రం నల్లని నీడగా మిగిలినవి. పక్కనే బల్క్ కూలర్ కంప్రెసర్ నడుస్తున్నందున నాలుగు మాటలలో ఒకటి కూడా వినబడలేదు. తరువాత మేము ఆ గ్రామం వెళ్లినపుడు ఒక పెద్దమనిషి మమ్ములను సూటిగా అడిగినాడు: "దాచేది లేకుంటే చీకట్ల ఎందుకు తీసిండ్రు సారూ?"

అనుమానం తీర్చవలసిన వీడియో అనుమానాన్ని పెంచినది. తప్పు ఆమెది కాదు. వెలుతురు, శబ్దం గురించి ముందుగా చెప్పని మాది.

వెలుతురు

మా మొదటి సలహా కూడా సరియైనది కాదు. దీపం లేనందున ఇట్లా అయినదనుకొని గుండ్రని రింగు లైటు కొనిపించితిమి. దాని వెలుగు స్టీలు క్యాన్లమీద, టెస్టర్ కళ్లద్దాలమీద తెల్లని చక్రాలుగా పడి కళ్లు కనబడకుండా పోయినవి. చివరకు పనికివచ్చినది గదిలో మొదటినుండీ ఉన్న కిటికీయే.

మాట్లాడేవారి వీపు కిటికీకి గాని తలుపుకు గాని ఉండరాదు. ముఖం వెలుతురు వైపు, కొంచెం ఏటవాలుగా ఉండవలెను. ఒక చెంప మరీ చీకటిగా ఉంటే ఆ వైపున ఒక తెల్ల పంచెను గాని థర్మోకోల్ అట్టను గాని నిలబెట్టినచో, అది కిటికీ వెలుతురును తిప్పి ముఖం మీదికి పంపుతుంది. దీపం వాడక తప్పనపుడు దానిని తలకంటె ఎత్తులో, ఒక పక్కగా ఉంచితే అద్దాలమీద మెరుపు పడదు.

ఆరుబయట తీయదలచినవారు మిట్టమధ్యాహ్నం తీయరాదు. ఎండ నడినెత్తిన ఉన్నపుడు కనుగుంటలలో నీడ పడుతుంది. వేపచెట్టు కింద ఆకుల సందులనుండి పడే ఎండ ముఖం మీద మచ్చలుగా కనబడుతుంది. కొట్టపు నీడలో అంచున నిలబడి ఆరుబయలు వైపు తిరిగితే వెలుతురు మెత్తగా పడుతుంది. ఉదయం పాల సేకరణ ముగిసి, క్యాన్లు కడిగిన తరువాత ఉండే సమయం అన్నివిధాలా అనుకూలం.

ట్యూబులైట్ల కింద తీసిన వీడియోలో కొన్నిసార్లు చారలు కదలుతూ కనబడతాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది. అందుచేత చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అది మన కంటికి తెలియదు గాని కెమెరా పట్టుకొంటుంది. ఫోనులో వీలుంటే సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకొనవలెను. వీలు లేనిచో దీపాలు ఆర్పి పగటి వెలుతురులోనే తీయడం మేలు.

పాల వంటి తెల్లని వస్తువును చూపేటపుడు వెనుక నల్లని పళ్లెం గాని గుడ్డ గాని ఉండవలెను. పొదుగువాపు పరీక్షకు వాడే స్ట్రిప్ కప్పులో నల్లని పలక ఉంచడంలోని రహస్యమూ ఇదే. తెలుపు మీద తెల్లని ముక్కలు కంటికీ ఆనవు, కెమెరాకూ ఆనవు.

శబ్దం

చిత్రం కొంచెం మసకగా ఉన్నా జనం సహిస్తారు. మాట వినబడకపోతే మాత్రం అర నిమిషంలో వదలివేస్తారు. కనుక రెండింటిలో శబ్దమే ముఖ్యమని గ్రహించవలెను.

ఇందుకు మొదటి సూత్రం దగ్గరితనం. మైకుకు, నోటికి గల దూరం సగానికి తగ్గితే మైకుకు చేరే మాట బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. గదిలోని ఫ్యాను, యంత్రాల చప్పుడు మాత్రం ఎప్పటివలెనే ఉంటుంది. కావున ఆరడుగుల దూరంలో ఉన్న ఫోనుకు వినబడవలెనని గొంతు చించుకోవడం కంటె, చొక్కాకు గాని చీర కొంగుకు గాని తగిలించే చిన్న కాలర్ మైకు వాడడం ఉత్తమం. అది లేకుంటే రెండవ ఫోనులో రికార్డరు నడిపి, కెమెరాకు కనబడకుండా మాట్లాడేవారి ముందు జానెడు దూరంలో బల్లమీద పెట్టి, ఆ శబ్దాన్ని తరువాత వీడియోకు జతపరచవచ్చును. మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టినచో రెండింటినీ సరిపోల్చుకొనడం సులభం.

రెండవది చప్పుడు తగ్గించడం. వీడియో కోసమని బల్క్ కూలర్‌ను ఎట్టి పరిస్థితులలోను ఆపరాదు. పాలు 4 డిగ్రీలకు చల్లబడిన తరువాత కంప్రెసర్ తనంతట తానే ఆగుతుంది. ఆ విరామంలో తీసుకొనవలెను. ఫ్యాను ఆపి, ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టవలెను.

మూడవది ప్రతిధ్వని. సిమెంటు గోడలు, నాపరాళ్ల నేల గల ఖాళీ గదిలో మాట బావిలోనుండి వచ్చినట్లుంటుంది. దాణా బస్తాలు పేర్చిన గదిలో ఈ బాధ తక్కువ. లేనిచో మాట్లాడేవారి ఎదుట, కెమెరాకు వెనుకగా రెండు బొంతలు వ్రేలాడదీసినా చాలును. బయట గాలి వీస్తున్నపుడు మైకుకు పల్చని స్పాంజి గాని నూలుగుడ్డ గాని చుట్టవలెను.

కెమెరా ఎత్తు, మాట తీరు

ఫోనును చేతితో పట్టుకోక బస్తాల మీద గాని, బోర్లించిన క్యాను మీద గాని ఆనించి నిలుపవలెను. ముందరి కెమెరాకంటె వెనుక కెమెరా సాధారణంగా మేలైనది. దాని అద్దాన్ని ముందుగా తుడవవలెను. పాలు, వెన్న తగిలిన వేళ్ల జిడ్డు అద్దం మీద ఉంటే చిత్రమంతా పొగమంచు కమ్మినట్లుంటుంది.

కెమెరా కంటి ఎత్తున ఉండవలెను. జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఈ విషయంలో మనకు మార్గదర్శకులు. అక్షరజ్ఞానం లేని దళిత రైతు మహిళలు పలువురు వీడియో కెమెరా పట్టడం నేర్చి, తమ పంటల గురించి, విత్తనాల గురించి తామే చిత్రాలు తీశారు. కెమెరా పైనుండి, కిందినుండి చూచే చూపులను పటేలుకు, పాలేరుకు గల తేడాతో పోల్చి, కంటికి కన్ను సమంగా తీసిన దానికి 'సంఘం షాట్' అని పేరు పెట్టుకొన్నారు. సహకార సంఘంలో తీసే వీడియోకు ఇంతకంటె తగిన సూత్రం మాకు తోచదు.

చూచి చదవడం వద్దు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి 'మై విలేజ్ షో' ద్వారా గంగవ్వను రాష్ట్రమంతా గుర్తుపట్టినది ఆమె తన ఊరి మాట మాట్లాడినందువల్లనే. మన సభ్యులు కూడా తమ యాసలోనే, ఒక వీడియోకు ఒకే విషయం చొప్పున, మూడు నిమిషాలలో చెప్పవలెను. ముందు ఒక నిమిషం తీసి, ఇయర్‌ఫోను పెట్టుకొని విని, బాగున్నదనుకొన్న తరువాతనే పూర్తిగా తీయవలెను.

సంఘం పాటించవలసినవి

మైకు, స్టాండు వంటివి కొనదలచినచో పాలకవర్గ తీర్మానం, రసీదు, స్టాకు రిజిస్టరులో నమోదు తప్పనిసరి. వీడియో నేపథ్యంలో సభ్యుల బ్యాంకు ఖాతా సంఖ్యలు, చెల్లింపు పట్టికలు కనబడకుండా చూడవలెను. ఎవరినీ వారి అంగీకారం లేకుండా చిత్రీకరించరాదు.

పైన చెప్పిన టెస్టర్ వీడియోను ఈ పద్ధతిలో మరల తీయించితిమి. పాలు కలపడం, శాంపిల్ తీయడం, యంత్రం మీది అంకె ఒకదాని తరువాత ఒకటి స్పష్టంగా కనబడినవి. ఆమె మాట ప్రతి ఒక్కటి వినబడినది. అనుమానాలన్నీ ఒక్క వీడియోతో తీరిపోయినవని మేము అనము. కాని చీకటి సంగతి అడిగిన పెద్దమనిషి మరుసటి వారం తన పాలు తానే కలిపి, శాంపిల్ తన ఎదుట తీయమని కోరినాడు. ఆమె అట్లే తీసినది. సభ్యుడు అడగడం, సంఘం చూపడం, ఈ రెండూ జరిగినవి. మాకు కావలసినదీ అదే.

మన సంఘాలలో పని తెలిసినవారికి కొదువ లేదు. వారి మాట నలుగురికీ చేరడానికి ఒక కిటికీ, ఒక చిన్న మైకు చాలును. రాబోయే సర్వసభ్య సమావేశానికి ముందే ప్రతి సంఘమూ తమ పాల పరీక్షా విధానాన్ని ఈ రీతిగా చిత్రించి సభ్యులకు చూపగలదని ఆశిస్తున్నాము.