రంగస్థలం మీద 1922 నాటి విచారణ

కోర్టు దృశ్యం అనగానే మన నాటకాల్లో బల్ల మీద సుత్తి చప్పుడు, వకీళ్ళ వాగ్యుద్ధం, ఆఖరి క్షణంలో పరుగెత్తుకొచ్చే సాక్షి ఉండి తీరాలి. 1922 మార్చి 18న అహమ్మదాబాదులో జరిగిన గాంధీజీ విచారణలో ఇవేవీ లేవు. ముద్దాయి మొదటే నేరం ఒప్పుకున్నారు. విచారణ పూర్తిగా జరపాలని అడ్వకేట్ జనరల్ స్ట్రాంగ్‌మన్ కోరినా, సెషన్స్ జడ్జి బ్రూమ్‌ఫీల్డు అక్కర్లేదన్నారు. మరి దీన్ని నాటకంగా ఆడితే ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టేది ఏమిటి?

మా దృష్టిలో, ఒక మాట. 'యంగ్ ఇండియా'లోని మూడు వ్యాసాలకుగాను గాంధీజీ మీద, ప్రచురణకర్త శంకర్‌లాల్ బాంకర్ మీద అప్పటి శిక్షాస్మృతి 124-ఎ సెక్షను కింద మోపిన నేరాన్ని మనం అలవాటుగా 'రాజద్రోహం' అంటాం. చట్టంలో ఉన్న ఇంగ్లీషు మాట 'డిసఫెక్షన్'. అందులో 'అఫెక్షన్' ఉంది. గాంధీజీ పట్టుకున్నది దాన్నే: ప్రీతి చట్టంతో పుట్టించేది కాదని ఆయన వాదం. 'రాజద్రోహం' అని అనువదిస్తే, మధ్యలో ప్రీతి సంగతి ఎందుకొచ్చిందో వినేవారికి అర్థం కాదు. 'అప్రీతి' అని పెట్టి చూడండి. కాస్త పుస్తకాల వాసన కొడుతుంది, నిజమే. అయినా అభియోగంలో విన్న మాటే ముద్దాయి నోట ఎదురుతిరుగుతుంది.

విచారణ జరిగింది ఇంగ్లీషులో. బెంగుళూరులోనో బరంపురంలోనో ఆడేటప్పుడు తెలుగు రాని మిత్రులూ వస్తారు కనుక అభియోగాన్ని ముందు ఇంగ్లీషులో, వెంటనే తెలుగులో చదివించవచ్చు.

ఇక జడ్జి. తెల్లదొర వేషం అనగానే మన కుర్రాళ్ళు తెలుగును వంకరగా పలికి నవ్విస్తారు. ఇక్కడ వద్దు. బ్రూమ్‌ఫీల్డు ముద్దాయితో ఎంతో మర్యాదగా మాట్లాడారు. 1908లో తిలక్‌కు పడిన శిక్షను గుర్తుచేసి ఆరేళ్ళు వేశారు. ప్రభుత్వం ముందే విడుదల చేస్తే తనకన్నా సంతోషించేవారు ఉండరనీ అన్నారు. ఆయన్ని విదూషకుణ్ణి చేస్తే, మర్యాదస్థుడు కూడా ఆ చట్టం కింద ఆ శిక్షే వేయవలసి వచ్చిందన్న సంగతి మరుగునపడుతుంది.

రంగాలంకరణకు ఖర్చు వద్దు. జరిగింది షాహీబాగ్ సర్క్యూట్ హౌసులో. నాలుగు కుర్చీలు, ఒక బల్ల చాలు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు ఆ రోజు అక్కడే ఉన్నారు. గాంధీజీ రాగానే కోర్టంతా లేచి నిలబడిందని రాశారు. ఆ ఘట్టంలో లేవాల్సింది నటులే. ప్రేక్షకుల్ని లేవమని మైకులో చెప్పించవద్దు.