గేర్‌బాక్స్‌కు జ్వరం చూసే మీటరు

ఐ.టి.ఐ. చదివే మన హాస్టల్ తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాం. మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఆటోమేటిక్ బండి బరువుతో నడిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ బాగా కాగుతుంది. సుమారు 80 నుంచి 95 డిగ్రీలైతే భయం లేదు. 120 దాటితే ఆయిల్ త్వరగా చెడిపోతుంది, క్లచ్ ప్లేట్లు మాడతాయి.

పాన్ విప్పి, దానికి నట్టు వెల్డింగ్ చేయించి, అందులో సెన్సార్ బిగిస్తాం. వేడెక్కేకొద్దీ సెన్సార్‌లో విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ తేడానే మీటరు ముల్లు చూపుతుంది. ఒకే వైరున్న సెన్సార్‌కు దాని బాడీయే ఎర్త్. మరలకు టేపు దట్టంగా చుడితే ఎర్త్ అందక ముల్లు తక్కువ వేడి చూపుతుంది. డ్రైవరు దాన్ని నమ్ముతాడు, గేర్‌బాక్స్ కాలిపోతుంది, బండి మీద బతికే ఇల్లు అప్పులపాలవుతుంది.

అందుకే తమ్ముళ్లూ, మల్టీమీటరుతో ఎర్త్ చూశాకే బండి తాళం ఇవ్వండి.