లోకం దిద్దే పేపరు!

కాలేజీలో రాసే అసైన్‌మెంటును చదివేది ఎంతమంది? ఒకే ఒక్క లెక్చరరు. అదీ చివరిదాకా ఓపిగ్గా చదివితే! మార్కులు పడ్డాక ఆ కాగితాలు బీరువాలోకో, చిత్తుకాగితాల కొట్టుకో చేరతాయి. అదే రాతను ముక్కూమొహం తెలియని వేలమంది చదువుతారంటే... విద్యార్థి ఎలా రాస్తాడు? కెనడాలో ఓ మాస్టారు ఆ ప్రయోగం చేసి చూశారు. మన పుణేలోనూ అలాంటిదే జరిగింది. ఒకచోట పండింది, మరోచోట బెడిసికొట్టింది. రెండిట్లోనూ మనకు పాఠాలున్నాయి.

డిగ్రీ చదివినవాళ్లకు 'సీనియర్ రికార్డు' గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పోయినేడాది అన్నయ్య రాసిన ప్రాక్టికల్ రికార్డు ఈ ఏడాది తమ్ముడి చేతికొస్తుంది. వచ్చే ఏడాది ఇంకొకరికి. బొమ్మలు అవే, వాక్యాలు అవే, ఆఖరికి తప్పులు కూడా అవే! పిల్లల్ని అని లాభంలేదు. 'ఇదంతా ఎవరికోసం రాస్తున్నాం?' అంటే వాళ్లకు తెలిసిన జవాబు ఒక్కటే... మార్కుల కోసం. ఎవరూ చదవని రాతకు కష్టపడటం ఎందుకన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్కను మార్చాలంటే ఏం చేయాలి? చదివేవాళ్లను తీసుకురావాలి!

హత్య, పిచ్చి, అల్లకల్లోలం

వినడానికి సినిమా పేరులా ఉన్నా ఇదో కోర్సు పేరు. 2008లో కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ బీస్లీ ముర్రే అనే ఆచార్యుడు లాటిన్ అమెరికా సాహిత్యాన్ని ఈ పేరుతో బోధించారు. నియంతలూ వాళ్ల అరాచకాలూ నిండిన నవలలు చాలానే ఉన్నాయి కాబట్టి పేరు సరిగ్గానే కుదిరింది.

ఇలాంటి కోర్సుల్లో విద్యార్థులు మామూలుగా టర్మ్ పేపరు రాసి మాస్టారి చేతికిస్తారు. బీస్లీ ముర్రే మాత్రం వాళ్లను వికీపీడియాలోకి పంపారు. చిన్నచిన్న జట్లుగా విడిపోయి, ఆ నవలల మీదా రచయితల మీదా వ్యాసాలు రాయమన్నారు. గ్రేడ్లకు ఆయన పెట్టిన షరతు ఇంకా గమ్మత్తయింది. వికీపీడియాలో 'మంచి వ్యాసం' అనిపించుకుంటే 'ఏ' గ్రేడు. 'విశేష వ్యాసం' స్థాయికి చేరితే 'ఏ ప్లస్'!

ఇందులో కిటుకేమిటంటే, ఆ హోదాలిచ్చేది మాస్టారు కాదు. ఎక్కడెక్కడో కూర్చుని స్వచ్ఛందంగా పనిచేసే వికీపీడియా సభ్యులు. వాళ్లకు ఈ విద్యార్థులెవరో తెలియదు, మొహమాటాలు ఉండవు. 'ఈ మాటకు ఆధారమేది? ఏ పుస్తకంలో ఎన్నో పేజీ? ఈ వాక్యం అర్థం కావడంలేదు, తిరగరాయండి' అని ముఖం మీదే చెప్పేస్తారు. ఇక విశేష వ్యాసం సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పట్లో ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ హోదా దక్కింది దాదాపు వెయ్యికి ఒక్క వ్యాసానికే.

రాసి, దిద్ది, మళ్లీ రాసి...

టర్మ్ పేపరైతే గడువుకు ముందురోజు రాత్రి కూర్చుని ముగించేయొచ్చు. ఇక్కడ ఆ పప్పులు ఉడకలేదు. ఒకరు తప్పు చూపిస్తే లైబ్రరీకి పరుగెత్తాలి. పుస్తకం వెతకాలి. వాక్యం మార్చాలి. అది సరిపోయిందనుకుంటే ఇంకొకరు మరో లోపం ఎత్తిచూపుతారు. మార్కులు పడితే కథ ముగిసిపోయే చదువులో కనిపించనిది ఇదే... రాసినదాన్ని మళ్లీ మళ్లీ మెరుగుపెట్టడం.

కోర్సు పూర్తయ్యేసరికి మూడు వ్యాసాలు 'విశేష' స్థాయికి చేరాయి. మరో ఎనిమిది 'మంచి వ్యాసాలు' అయ్యాయి. ఆ మూడింటిలో ఒకటి గ్వాటెమాలా రచయిత మిగెల్ ఏంజెల్ అస్టూరియస్ నవల 'ఎల్ సెన్యోర్ ప్రెసిదెంతె' గురించి. ఇంకొకటి గాబ్రియల్ గార్సియా మార్క్వెజ్ నవల 'ద జనరల్ ఇన్ హిజ్ లాబిరింత్' మీద. మూడోది పెరూ రచయిత మారియో వర్గాస్ లోసా జీవితం. రెండేళ్ల తరువాత, 2010లో, వర్గాస్ లోసాకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. 'ఎవరీయన?' అని లోకం వెతికిన రోజున ఇంగ్లిష్ వికీపీడియాలో కనిపించిన పేజీ ఆ తరగతి చేతుల మీదుగా ఎదిగిందే. ఏ టర్మ్ పేపరుకు దక్కుతుంది ఆ భాగ్యం?

అలాగని విద్యార్థులను నీళ్లలోకి తోసి మాస్టారు గట్టున కూర్చోలేదు. ఆయనా వాళ్లతోపాటు దిగారు. వ్యాసాలు దిద్దారు, చర్చల్లో పాల్గొన్నారు. చేయి తిరిగిన వికీపీడియా సభ్యులు కొందరు జట్టుగా ఏర్పడి విద్యార్థులకు దారి చూపారు. ఈ కథలో అసలు మలుపు ఇదే. ఎందుకంటే, ఇది లేనిచోట ఏం జరిగిందో మూడేళ్లకే తెలిసొచ్చింది.

పుణేలో చేదు అనుభవం

2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఇలాంటి కార్యక్రమాన్నే పుణేలోని కొన్ని కళాశాలల్లో మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే, ఉత్సాహానికీ కొదవలేదు. కానీ ఒకేసారి వందలమంది విద్యార్థులు రంగంలోకి దిగారు. వాళ్లకు నేర్పడానికి నియమించిన వారిలో చాలామంది తామే వికీపీడియాకు కొత్త.

చాలామంది విద్యార్థులు తమకు అలవాటైన పనే చేశారు. పుస్తకాల నుంచీ వెబ్‌సైట్ల నుంచీ పేరాలకు పేరాలు ఎత్తి అతికించారు. క్లాసులో అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. కానీ అది లోకం చదివే చోటు. ఇతరుల రాతలను అలా వాడటం అక్కడ కాపీహక్కుల ఉల్లంఘన. వద్దని చెప్పినా ఆగలేదు. ఆ చెత్తను ఏరివేయడానికి ఎక్కడెక్కడి స్వచ్ఛంద సభ్యులో పగలూరాత్రీ కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా కార్యక్రమం ఆగిపోయింది.

ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. చూసి రాయడం తప్పని అంతకుముందు వాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పలేదు, అంతే. సీనియర్ రికార్డు సంస్కృతిని తీసుకెళ్లి నడివీధిలో పెడితే ఏమవుతుందో పుణే చూపించింది. జనం ముందుకు పంపినంత మాత్రాన విద్యార్థి మారిపోడు. పంపే ముందు నేర్పాలి, పంపాక వెంట ఉండాలి. అంటే మాస్టారి పని తగ్గదు, రెట్టింపవుతుంది.

అమెరికాలో ఈ పద్ధతి నిలదొక్కుకోవడానికి కారణం కూడా అదే. అక్కడ 2013లో దీనికోసమే ప్రత్యేకంగా ఓ సంస్థ ఏర్పడింది. విద్యార్థి ముందుగా శిక్షణ పాఠాలు పూర్తిచేయాలి, ఆ తరువాతే రాయాలి. అలా ఇప్పటివరకూ లక్షమందికి పైగా విద్యార్థులు వికీపీడియాలో రాశారు.

తెలుగులో అయితే...

మనవాళ్లూ దీన్ని ప్రయత్నించకపోలేదు. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల 2010 దశకంలో విద్యార్థులకు తెలుగు వికీపీడియాలో రాయడం నేర్పింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అయినా రాయాల్సింది ఇంకా బోలెడు.

తెలుగులో రాసేవారికి ఓ అదృష్టం ఉంది, దానితోపాటే ఓ బాధ్యతా ఉంది. మన ఊరి చెరువు గురించో, చేతివృత్తి గురించో విద్యార్థి రాసే పేజీ ఆ విషయం మీద తెలుగులో దొరికే ఒకే ఒక్క పేజీ కావచ్చు. ఇంగ్లిష్‌లో తప్పు రాస్తే దిద్దడానికి పదిమంది ఉంటారు. తెలుగులో దిద్దేవారు తక్కువ కాబట్టి తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. అందుకే మన మాస్టార్లు ఇంకాస్త ఎక్కువ శ్రమపడాలి. అడిగిన క్షణంలో కృత్రిమ మేధ పేజీలకు పేజీలు రాసిచ్చే ఈ రోజుల్లో, 'ఈ మాటకు ఆధారమేది?' అని అడిగేవాళ్ల అవసరం మరీ పెరిగింది.

ఈ పద్ధతితో అన్నీ తీరిపోవు. వికీపీడియాలో సొంత అభిప్రాయాలకు చోటు లేదు. ఓ నవల చదివి 'నాకిలా అనిపించింది' అని వాదించడం నేర్పాలంటే తరగతి గది వ్యాసం ఉండాల్సిందే. కానీ వెతకడం, సరిచూసుకోవడం, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం... ఇవి నేర్చుకోవాలంటే చదివే నలుగురు ఉండాలి.

మరో సంగతి. సీనియర్ రాసిన పేజీని జూనియర్ మళ్లీ కాపీ కొట్టడం ఇక్కడ కుదరదు. ఎందుకంటే ఆ పేజీ అందరి కళ్లముందూ అప్పటికే ఉంటుంది! అన్నయ్య ఆపినచోట తమ్ముడు మొదలుపెట్టాల్సిందే.