అధికారము, అక్షరము: బెజవాడ గోపాలరెడ్డిగారు

రాజకీయ నాయకులు సాహిత్యసభలకు అధ్యక్షత వహించుట మనకు క్రొత్త గాదు. సాహిత్యసంస్కారముతోనే రాజకీయములలో ప్రవేశించినవారు మాత్రము అరుదు. బెజవాడ గోపాలరెడ్డిగారు అట్టి అరుదైనవారిలో నొకరు.

ఆయన 1907లో నెల్లూరుజిల్లా బుచ్చిరెడ్డిపాలెమున జన్మించిరి. యౌవనమున శాంతినికేతనమునకేగి విశ్వభారతిలో చదివిరి, వంగభాష నేర్చిరి. ఆ కాలమున తెలుగువారిలో పెక్కండ్రు రవీంద్రుని ఆంగ్లముననే చదువుచుండిరి. వంగభాషలోని గీతాంజలి 157 గేయముల సంపుటి. ఆంగ్ల గీతాంజలి వేర్వేరు సంపుటములనుండి కవి స్వయముగా ఏర్చి వచనమున వ్రాసిన 103 ఖండికల గ్రంథము. కావున మూలము నెఱిగిన అనువాదకుని అవసర ముండెను. సంస్కృతపదములు రెండు భాషలకును సమానమే యైనను, అర్థములు వేఱగుట కలదు. మనకు ‘రాగము’ అనురాగము. వంగీయుల వాడుకలో ‘రాగ్’ అనగా కోపము. గోపాలరెడ్డిగారు వంగమూలమునుండియే రవీంద్రుని కవితలను, నాటకములను తెనిగించిరి.

1937లో చెన్నరాష్ట్రమున రాజాజీ మంత్రివర్గ మేర్పడినప్పుడు, ముప్పదియేండ్లు నిండకమునుపే ఆయన మంత్రియైరి. స్వాతంత్ర్యానంతరము ఆ రాష్ట్రముననే ఆర్థికశాఖను నిర్వహించిరి. 1955 మార్చిలో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రియైరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు, అంతవఱకు ఉపముఖ్యమంత్రిగా నుండిన నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి; గోపాలరెడ్డిగారు ఆ మంత్రివర్గముననే సభ్యులైరి. నిన్నటివఱకు తన క్రింద పనిచేసినవారి క్రింద నేడు పనిచేయుట రాజకీయములలో సులభము గాదు. తరువాత కేంద్రమున సమాచార, ప్రసారశాఖామాత్యులుగా నుండి, 1963లో కామరాజు ప్రణాళిక ననుసరించి పదవి వీడిరి. 1967 నుండి 1972 వఱకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండిరి. 1970లో చరణ్ సింగ్ మంత్రివర్గము విషయమున ఆయన అనుసరించిన మార్గము తీవ్రవిమర్శకు గుఱియైనది. సాహిత్యసంస్కారము పాలకుని వివాదములనుండి కాపాడు కవచము గాదు.

1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఏర్పడగా ఆయన తొలి అధ్యక్షులై, చిరకాలము ఆ స్థానమున నుండిరి. గ్రంథప్రచురణమునకు, పండితుల కృషికి ఆ సంస్థ ఆధారమైనది. ప్రభుత్వముచే నెలకొల్పబడిన ఆ సంస్థను 1983లో ప్రభుత్వమే రద్దుచేసెను.

రచయితలమైన మనము ఆలోచింపవలసిన దిచ్చటనే. రాజాశ్రయము నూతగాగొన్న సంస్థ, ఎంత మంచిదైనను, ఒక్క ఉత్తరువుతో అంతరింపగలదు. అందుచే ప్రభుత్వసహాయమును నిరాకరింపుమని కాదు. సంస్థ స్వతంత్రముగా నిలుచు ఏర్పాటును సహాయముతోపాటే కోరవలెను. సాహిత్యాభిమానియైన నాయకుడు లభించుట అదృష్టము. అదృష్టముపై సంస్థలను నిర్మింపరాదు.

గోపాలరెడ్డిగారు 1997లో దివంగతులైరి. ఆయన వహించిన పదవులను పిదప ఎందఱో వహించిరి. ఒక భాషలోని కవిని కలుసుకొనుటకు ఆ భాష నేర్చి, ఆ కవిని తెలుగువారికి పరిచయము చేసిన శ్రమ మాత్రము ఆయనది. దానిని రద్దుచేయగల ఉత్తరువు లేదు.