పై స్వరానికి పంటి బిగువు పనికిరాదు



నాచారంలో మా వీధి అమ్మాయి ఒకతె సాక్సఫోను నేర్చుకుంటోంది. కింది స్వరాలు చక్కగా పలికాయి. పై స్వరాల దగ్గరకు వచ్చేసరికి వాద్యం కీచుమంది. ఆ పిల్ల పట్టు వదలక, పళ్లు బిగించి ఊదీ ఊదీ కింది పెదవి లోపల పుండు చేసుకుంది. "ఆడపిల్ల ఊపిరి ఎంతనీ? ఈ బూరా మనకెందుకే?" అన్నారు బామ్మగారు. పిల్ల వాద్యాన్ని పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మళ్లీ తెరిపిద్దామనే ఈ నాలుగు మాటలూ.

లోపం ఊపిరిది కాదమ్మా. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ ఈ వాద్యానికి 1846లో పేటెంటు పొందాడు. దీని మీటలు సుమారు రెండున్నర స్థాయిల వరకే దారి చూపిస్తాయి. ఆపైన వేళ్లు కొంత సాయం చేస్తాయే గాని, స్వరాన్ని పుట్టించవలసింది నాలుకా, గొంతూ.

అదెలాగంటారా? తంబురా మంద్ర తీగ మీటి చెవి పెట్టి వినండి. షడ్జంలోనే సన్నగా గాంధారం కూడా వినబడుతుంది కదూ! సాక్సఫోను గొట్టంలోనూ అంతే. ఒక్కొక్క స్వరం కడుపులో పై స్వరాలు దాగి ఉంటాయి. వాటిలో మనకు కావలసినదాన్ని పిలవడమే విద్య.

సాధన ఇలా మొదలుపెట్టండి. అన్నిటికన్నా కింది స్వరానికి వేళ్లు వేసి ఊదండి. దాన్ని మంద్ర షడ్జం అనుకోండి. ఇక వేలు కదపకూడదు. నోటిలో "ఆ" అనే తీరు నుంచి "ఈ" అనే తీరుకు నాలుకను మెల్లగా మార్చండి. ముందు మధ్య షడ్జం, తరువాత దాని పంచమం, ఆపైన తార షడ్జం, అటుపైన అంతర గాంధారం వరుసగా పలుకుతాయి. ఊదబోయే స్వరాన్ని ముందుగా కూనిరాగంగా పాడుకోండి. మనసుకు వినబడని స్వరం వాద్యంలో పలకదు. సిగర్డ్ రాషర్ అనే విద్వాంసుడు 1941లో ఈ పై స్వరాల సాధన కోసమే ఒక పుస్తకం వెలువరించాడు.

ఇది ఉత్త నమ్మకం కాదు సుమా. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2008లో పరీక్షించి చూశారు. ఆరితేరినవారు పై స్వరాలకు తగినట్టు గొంతు, నోటి లోపలి ఆకారాన్ని శ్రుతి చేసుకుంటున్నారు. అది చేతకానివారికి ఆ స్వరాలు పలకలేదు.

పళ్లు బిగిస్తే ఏమవుతుంది? రీడు మౌత్‌పీసుకు అతుక్కుపోయి ఆడదు. స్వరం చస్తుంది, పెదవి చిట్లుతుంది. అందుకని రోజుకు పది నిమిషాలు చాలు. పెదవి నొప్పెట్టినా, తల తిరిగినా ఆ పూటకు ఆపేయండి. పుండు మానేదాకా ముట్టుకోవద్దు. ఇరుగుపొరుగు విసుక్కుంటే, బట్టల బీరువా తలుపు తీసి దానికెదురుగా ఊదండి. బట్టలు కొంత మోత మింగుతాయి. నెలల తరబడి పట్టే విద్య ఇది. తొందరపడి లాభం లేదు.

నాదస్వర విద్వాంసుడి కొడుకైన కద్రి గోపాల్‌నాథ్ ఈ పరదేశపు వాద్యం మీద గమకాలు పలికించి 2004లో పద్మశ్రీ అందుకున్నారు. చెన్నైకి చెందిన లావణ్య, సుబ్బలక్ష్మి అనే అక్కచెల్లెళ్లు ఇదే వాద్యం మీద కర్ణాటక కచేరీలు చేశారు. వారూ ఆడపిల్లలేగా!

బామ్మగారూ, మీరూ వింటున్నారనుకుంటాను. ఆ పెట్టెను మాత్రం అటక ఎక్కించకండి. సెలవు.